‘లైవ్’ అని టికెట్టు అమ్మి ట్రాక్ వినిపించడం మోసమా, కాదా?

బెంగళూరు శ్రోత:

ఈ మధ్య మా ఊరి శివార్లలో జరిగిన ఒక సినిమా పాటల కార్యక్రమానికి టికెట్టు కొని వెళ్లాను. గాయకుడి పేరు, నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. రెండో పాట పల్లవి దగ్గర ఆయన మైకును నోటి దగ్గర నుంచి తీసి జనం వైపు చాపారు. జనం హుషారుగా పాడారు. అయితే ఆ సమయంలో స్పీకర్లలో ఆయన గొంతు కూడా, మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా, ఏ మాత్రం తగ్గకుండా వినిపిస్తూనే ఉంది. మైకు మళ్లీ నోటి దగ్గరికి వచ్చాక ఆ గొంతు పెరగనూ లేదు. ఒకసారి ఆ సంగతి కనిపెట్టిన తర్వాత మిగిలిన కార్యక్రమమంతా నేను పాటలు వినడం మానేసి ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను.

అంటే ముందే రికార్డు చేసిన గొంతును, ట్రాక్ అనేదాన్ని, వినిపిస్తున్నారన్నమాట. నా దృష్టిలో ఇది మోసమే. గొంతు జీరబోవడం, చరణం మరచిపోవడం, పైస్థాయిలో స్వరం అందకపోవడం వంటివి నన్ను ఎన్నడూ నిరాశపరచలేదు, ఎందుకంటే అవి జరగగలవు కాబట్టే దాన్ని లైవ్ అంటున్నాం. ఇదే బెంగళూరులో 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ తన కచేరీకి శిల్పారావును పిలిచి, ఆమెతో కలిసి ‘దేవర’ చిత్రంలోని ‘చుట్టమల్లే’ పాడారు. ఆయన ఉచ్చారణను తెలుగు మాస్టారెవరైనా వింటే ఎర్ర కలం తీస్తారు. అయినా ఈ నగరంలోని తెలుగువాళ్లు ఆ కొద్ది నిమిషాలను ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పైగా ఆయన పద్ధతి గమనించదగినది. గిటారు మీద ఒక ముక్క వాయించి, కాలి దగ్గరి లూప్ పెడల్‌తో దాన్ని పట్టి, దాని మీద ఇంకో ముక్క పేర్చి, ట్రాక్‌ను మన కళ్ల ముందే తయారుచేస్తారు. యంత్రం అక్కడా ఉంది, కాని దాచినది ఏమీ లేదు. ఇంట్లో ఫోనులో ఉన్న పాటనే వేల రూపాయలు పోసి మైదానంలో నిలబడి వినాల్సిన అగత్యం నాకేమిటో ఎవరైనా చెప్పగలరా?

వడపళని సౌండ్ ఇంజనీరు:

చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే మీరు తప్పుపడుతున్న ఆ కన్సోల్ (శబ్దాలను కలిపే బల్ల) వెనుక కూర్చునేవాళ్లలో నేనూ ఒకడిని.

ట్రాక్ అనగానే అందరూ పెదవులు కదపడం గురించే ఆలోచిస్తారు. నిజానికి పెద్ద కార్యక్రమంలో ఒకే ల్యాప్‌టాప్ నుంచి పలు రకాల శబ్దాలు వస్తుంటాయి. ఒకటి క్లిక్, అది డ్రమ్మరు చెవిలోనూ, ఇయర్ మానిటర్లు పెట్టుకున్న మిగతావారి చెవుల్లోనూ మాత్రమే వినిపించే తాళం. వెనుక ఉన్న ఎల్‌ఈడీ తెర మీది దృశ్యాలు, దీపాలు ఆ లెక్కకే కట్టుబడి మారుతాయి కనుక, గాయకుడు ఉత్సాహం వచ్చి చరణాన్ని రెండోసారి అందుకుంటే తెర మీద తర్వాతి దృశ్యం వచ్చేస్తుంది. రెండోది వాద్య ట్రాక్. రికార్డింగులో ముప్పై నలభై మంది వాయించిన వయొలిన్లు, చెల్లోలు వేదిక మీదికి రావు కనుక అవి అందులో నుంచి వస్తాయి. మూడోది కోరస్. నాలుగోది అసలు గాయకుడి గొంతే. దాన్ని సాధారణంగా సన్నగా అడుగున ఉంచి, పైన ఆయన నిజంగా పాడుతున్న గొంతును కలుపుతాం. గొంతు బాగున్న రోజున అడుగుది ఎవరికీ వినిపించదు. వరుసగా ఊళ్లు తిరిగి, విమానం దిగి, జలుబుతో వచ్చిన రోజున ఆ అడుగు గొంతును పెంచే ఫేడర్ మీట పైకి వెళ్తుంది. మీరు చూసినది బహుశా అటువంటి రోజు.

మైదానం కష్టాలు వేరే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి వంద మీటర్ల దూరాన ఉన్నవారికి వేదిక మీది మాట దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. అందుకే మధ్యలో డిలే టవర్లు (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసి వినిపించే స్పీకర్ల స్తంభాలు) నిలబెట్టి లెక్క సరిచేస్తాం. సౌండ్ చెక్‌కు సమయం దొరికితేనే ఆ సర్దుబాటు కుదురుతుంది. మధ్యాహ్నం దాకా వేదిక కడుతూనే ఉంటారు, గేట్లు తెరిచే వేళ అవుతుంది, రాత్రి పది దాటితే బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లు నిబంధనల ప్రకారం ఆపాల్సిందే. ఈ ఇరుకులో గాయకుడికి తన గొంతు తనకే సరిగా వినిపించకపోతే శ్రుతి తప్పడం ఎంతసేపు?

చివరిగా ఒక చేదు మాట. ఈ అలవాటు చేసినది ప్రేక్షకులే. ఒక్క అపస్వరం దొర్లితే మర్నాటి ఉదయానికి ఆ ఇరవై సెకన్ల వీడియో ఊరంతా తిరుగుతుంది, కింద వ్యాఖ్యలు రాసేవారిలో సగం మంది ఆ కార్యక్రమానికి వెళ్లినవారై ఉండరు. లోపాలను ప్రేమిస్తానని మీరు అంటున్నారు, ఆ వీడియోలను పంపకుండా ఉండేవారు ఎందరో చెప్పండి.

మైలాపూరు రసికురాలు:

ఇంజనీరు గారు చివర అన్న మాటతో నేను ఏకీభవిస్తాను. అయితే అపస్వరాన్ని సహించే శ్రోతలు ఎక్కడా లేరనుకోవడం సరికాదు, ధనుర్మాసంలో ఒకసారి మా చెన్నై కచేరీ సభల వైపు రండి. కర్ణాటక గాయకుడు శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ గారి గొంతు సహజంగా అనుకూలమైనది కాదన్న సంగతి ఆయన అభిమానులే ముందుగా చెప్పేవారు. అయినా దశాబ్దాల పాటు సభలు నిండాయి. గొంతు ఎక్కడ ఆగిపోతుందో తెలిసిన విద్వాంసుడు ఆ అంచు వరకు రాగాన్ని ఎలా తీసుకెళ్తాడన్నదే రసికులకు ఆసక్తి. ఆ అంచును ట్రాక్‌తో పూడ్చేస్తే వినడానికి మిగిలేది ఏమీ లేదు.

అయితే బెంగళూరు శ్రోత గారు ఒక తేడాను గమనించాలి. కర్ణాటక సంగీతంలో ఒక కీర్తనకు ‘ఒరిజినల్’ అంటూ రికార్డు లేదు. అరియక్కుడి రామానుజయ్యంగారు స్థిరపరచిన కచేరీ పద్ధతిలో వర్ణంతో మొదలై తుక్కడాలతో (చివర పాడే చిన్న, తేలిక పాటలతో) ముగిసేలోగా ఒకటి తేలిపోయినా ఇంకొకటి నిలబడుతుంది. సినిమా గాయకుడి పరిస్థితి అది కాదు. పాతికేళ్ల వయసులో స్టూడియోలో, వీలైనన్ని టేకులతో, చల్లని గదిలో పాడిన తన గొంతుతోనే ఆయన అరవై ఏళ్ల వయసులో పోటీ పడాలి. బాలు గారు ఈ పోటీని ఎలా ఎదుర్కొన్నారో చెన్నైలో మేము చూశాం. 1966లో తొలి పాట పాడిన మనిషి, డెబ్బై ఏళ్లు వచ్చిన తర్వాత కూడా, పాత పాటలో ఒక సంగతిని (ఒక పంక్తిని పాడే స్వర విన్యాసాన్ని) మార్చి, ఇంకోచోట నవ్వేసి, పక్కనున్న వాద్యకారుడిని మెచ్చుకుంటూ మళ్లీ పల్లవి అందుకునేవారు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఆయన పాడలేదని ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు.

ఆయనకు సంబంధించి నిరాశ కలిగించిన సందర్భం గొంతు వల్ల రాలేదు. గాయకుడిగా యాభై ఏళ్లు పూర్తయిన సందర్భంగా చేసిన పర్యటనలో, 2017 మార్చిలో, తన పాటలు అనుమతి లేకుండా పాడరాదంటూ ఇళయరాజా గారి నుంచి న్యాయవాది నోటీసు వచ్చింది. ఇకపై ఆ పాటలు పాడబోమని బాలు గారే ప్రకటించారు. ఇద్దరినీ సమానంగా ఆరాధించే మా బోటివారికి ఆ లేని పాటలే ఎక్కువగా వినిపించాయి.

మా సభల్లో అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పను. తంబురా స్థానంలో శ్రుతిపెట్టె వచ్చి కూర్చుంది, దాన్ని మోసమని ఎవరూ అనరు. గాయని కళ్లు మూసుకుని ఆలాపన చేస్తూనే చూపుడువేలు పైకెత్తి మైకు పెంచమని సైగ చేస్తుంది, ఆ వెంటనే మృదంగ విద్వాంసుడు కూడా వేలెత్తుతాడు, చూస్తుండగానే మూడు వందల మంది పట్టే హాలులో మూడు వేల మందికి సరిపడే శబ్దం నిండుతుంది. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) మొదలవగానే సగం హాలు క్యాంటీన్‌కు నడుస్తుంది. ఆ లేచేవారి వల్ల మృదంగానికి జరిగే అవమానం, నన్నడిగితే, ల్యాప్‌టాప్ వల్ల పాటకు జరిగే అవమానం కన్నా తక్కువేమీ కాదు.

కోరమంగళ వాసి:

మీరందరూ సంగీతం తెలిసినవారు. నేను పిల్లలతో వెళ్తాను, వాళ్లు గెంతుతారు, నేను వీడియో తీస్తాను, ట్రాక్ అయినా కాకపోయినా మాకు సాయంత్రం బాగానే గడుస్తుంది. అసలు ప్రేక్షకుడికి జరిగే అన్యాయం గేటు దగ్గరే మొదలవుతుంది. 2023 సెప్టెంబరు 10న చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద జరిగిన రహమాన్ కచేరీ గుర్తుంది కదా? టికెట్టు చేతిలో ఉన్న వేలాది మంది లోపలికి వెళ్లలేకపోయారు, తొక్కిసలాటలో ఆడవాళ్లు, పిల్లలు నలిగిపోయారు. తర్వాత ఆయనే విచారం తెలిపి, లోపలికి రాలేకపోయినవారిని టికెట్ల నకళ్లు పంపమన్నారు. బయట రోడ్డు మీద నిలబడిపోయినవారికి లోపల పాట ఎంత స్వచ్ఛంగా పాడారన్న చర్చతో పనేమిటి? ముందు కుర్చీ, మంచినీళ్లు, బయటికి వెళ్లే దారి చూడండి, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బెంగళూరు శ్రోత:

కోరమంగళ వాసి గారూ, గేటు దగ్గర జరిగిన అన్యాయం అందరికీ కనిపించింది కనుకనే దానికి క్షమాపణా వచ్చింది, డబ్బు వెనక్కి ఇచ్చే మాటా వచ్చింది. వేదిక మీద జరిగేది కనిపించదు కనుక దాని ఊసే ఉండదు. నా అభ్యంతరమంతా ఆ దాపరికం గురించే. శ్రుతిపెట్టె గాయని ముందే ఉంటుంది, దాన్ని తంబురా అని ఎవరూ నమ్మబలకరు. వయొలిన్లు ట్రాక్‌లో ఉన్నాయని ఇంజనీరు గారు చెబితే నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే వేదిక మీద ఒక్క వయొలిన్ కూడా లేదని నా కళ్లకు తెలుస్తూనే ఉంది. గొంతు విషయంలో మాత్రం ఆ మనిషి అక్కడే నిలబడి, మెడ నరాలు ఉబ్బేలా నటిస్తున్నాడు.

1989లో అమెరికాలో మిలీ వనీలీ అనే జంట వేదిక మీద ఉండగా ట్రాక్ ఒకే ముక్క దగ్గర చిక్కుకుని తిరగడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, ఆల్బంలోని గొంతులు కూడా వారివి కావని తేలి, ఇచ్చిన గ్రామీ అవార్డును వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఆల్బం కొన్నవారికే కాక కచేరీలకు వెళ్లినవారికి కూడా కొంత సొమ్ము తిరిగి ఇచ్చే ఏర్పాటు జరిగింది. మన దగ్గర కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి స్పష్టంగానే మాట్లాడుతుంది. పోస్టరు మీద ‘లైవ్’ అని ఒక అడుగు ఎత్తు అక్షరాలతో వేసినప్పుడు, కింద చిన్న అక్షరాలతోనైనా ‘కొన్ని పాటల్లో ముందుగా రికార్డు చేసిన గాత్రం ఉంటుంది’ అని ఎందుకు వేయకూడదు?

అయితే కొనేవాడికీ కొంత బాధ్యత ఉంది. 2017 జులైలో లండన్ వెంబ్లీలో రహమాన్ కచేరీ నుంచి, తమిళ పాటలు ఎక్కువయ్యాయని కొందరు హిందీ శ్రోతలు లేచి వెళ్లిపోయి గొడవ చేశారు. కచేరీ పేరే తమిళంలో ‘నేట్రు, ఇండ్రు, నాళై’ (నిన్న, నేడు, రేపు) అని పెట్టారు. ఆ ఫిర్యాదుకు నేను అర మార్కు కూడా వేయను.

కోడంబాకం వయొలిన్ వాద్యకారుడు:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇక్కడ అందరూ గాయకుడి గొంతు గురించి వాదించి, వాద్యాల ట్రాక్‌ను మాత్రం సునాయాసంగా క్షమించేశారు. ఆ ట్రాక్‌లో ఉన్నది మేము.

స్టూడియోలో ఒక కాల్‌షీటుకు పిలుస్తారు, వాయిస్తాం, డబ్బు తీసుకుని ఇంటికి వస్తాం. ఆ తర్వాత ఆ పాట ఏ మైదానంలో వినిపించినా మళ్లీ మమ్మల్ని పిలవాల్సిన అవసరం ఎవరికీ రాదు, మా వాయింపే ల్యాప్‌టాప్‌లో ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రదర్శకులకు రాయల్టీ హక్కు కల్పించారు. గాయకుడి పేరు ప్రతి పాట మీదా ఉంటుంది కనుక ఆయన అడగగలడు. వెనుక వరుసలో కూర్చున్న పన్నెండో వయొలిన్ ఎవరిదో కాగితం మీదే లేకపోతే నేను ఏమని అడగాలి? ఒకప్పుడు చెన్నైలో పెళ్లి రిసెప్షన్ పాటకచేరీలకు కూడా నలుగురు వయొలిన్‌వారిని పిలిచేవారు. కీబోర్డు వచ్చి ఇద్దరిని చేసింది, ట్రాక్ వచ్చి ఆ ఇద్దరినీ ఇంటికి పంపింది. బెంగళూరు శ్రోత గారికి వేదిక మీద వయొలిన్ లేదని కనిపించిందట, కనిపించిన తర్వాత కూడా అభ్యంతరం లేదట!

ఇంజనీరు గారిని ఒకటి అడుగుతాను. నలభై మంది వద్దు, ఎనిమిది మందిని కూర్చోబెట్టడానికి ఏమిటి అడ్డం?

వడపళని సౌండ్ ఇంజనీరు:

అన్నా, శబ్దపరంగా అడ్డమేమీ లేదు. ఎనిమిది వయొలిన్లకు మైకులు పెట్టి, డ్రమ్స్ శబ్దం వాటిలో దూరకుండా మధ్యలో పారదర్శక పలకలు నిలిపితే, రికార్డు అంత దట్టంగా రాకపోయినా పాట నిలబడుతుంది. నేను చేసి ఉన్నాను కూడా. ఎనిమిది మందికి రెండు రోజుల రిహార్సల్, ప్రయాణం, బస, వేదిక మీద చోటు కావాలి. ఆ చోటు కావాలంటే ఎల్‌ఈడీ తెర ఒక పక్క తగ్గించాలి. ఈ మాట అడిగిన ప్రతిసారీ నిర్వాహకులు నాకు చెప్పే జవాబు ఒకటే: తెర తగ్గిందని జనం గొడవ చేస్తారు, వయొలిన్లు లేవని ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

బెంగళూరు శ్రోత:

అయితే ఆ మొదటి ఫిర్యాదు నేను పంపుతాను. ఆ కార్యక్రమం తర్వాత అభిప్రాయం చెప్పమంటూ వచ్చిన మెయిల్ ఇంకా తెరవలేదు. గాత్రం గురించీ, వయొలిన్ల గురించీ రెండూ రాస్తాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.

కోరమంగళ వాసి:

పార్కింగు గురించి కూడా రాయండి.