ప్యాసివ్ వాయిస్: పట్టిక వచ్చినా వాక్యం ఎందుకు తప్పుతోంది? (చర్చ)

కృష్ణాతీరం_అభ్యర్థి
ఎస్సెస్సీ సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్నాను. టెన్స్‌ల పట్టిక కంఠతా వచ్చు. అయినా ఈ ఐదు రకాల యాక్టివ్ వాక్యాలను ప్యాసివ్‌లోకి (పని ఎవరి మీద, దేని మీద జరిగిందో దాన్ని ముందు పెట్టే వాక్యంలోకి) తిప్పమంటే మార్కులు పోతున్నాయి. ఎవరైనా విడమరిచి చెప్పండి.
1. "దే మేడ్ హిమ్ వెయిట్."
2. "హూ బ్రోక్ ద విండో?"
3. "ద బాయ్స్ లాఫ్డ్ ఎట్ హిమ్."
4. "యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్ లాస్ట్ నైట్."
5. "పీపుల్ సే దట్ హీ వాజ్ రిచ్."

చాక్‌పీస్_మాస్టారు
ముందు ఆ పట్టిక పక్కన పెట్టండి. టెన్స్‌కో వరుస చొప్పున గుర్తుపెట్టుకుంటే పరీక్ష హాల్లో వరుసలు కలిసిపోతాయి. అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒక్కటే. యాక్టివ్ వాక్యంలో చివరి క్రియ వేసుకున్న చొక్కాను విప్పి "బీ"కి తొడగండి. ఆ క్రియను మాత్రం వీ3గా (మూడో రూపం; "రైట్, రోట్, రిటన్"లో "రిటన్") మార్చి "బీ" వెనక నిలబెట్టండి.

"ఈజ్ రైటింగ్" చూడండి. చివరి క్రియకు "ఇంగ్" ఉంది. అది "బీ"కి వెళ్తే "బీయింగ్" అవుతుంది, కాబట్టి "ఈజ్ బీయింగ్ రిటన్". "హ్యాజ్ రిటన్"లో చివరిది వీ3, "బీ"కి వీ3 "బీన్", కాబట్టి "హ్యాజ్ బీన్ రిటన్". "విల్ రైట్"లో ఉన్నది వీ1, కాబట్టి "విల్ బీ రిటన్". "రోట్" వీ2, కాబట్టి "వాజ్ రిటన్" లేదా "వర్ రిటన్". "షుడ్ హ్యావ్ రిటన్" అని ఇచ్చినా ఇదే లెక్క, "షుడ్ హ్యావ్ బీన్ రిటన్". "ఈజ్ గోయింగ్ టు రైట్" అయితే "ఈజ్ గోయింగ్ టు బీ రిటన్".

ఇక్కడ ఎక్కువమంది జారేది ఏకవచన బహువచనాల దగ్గర. "ద కమిటీ హ్యాజ్ రిజెక్టెడ్ యువర్ అప్లికేషన్స్" అనే వాక్యం తిప్పితే ముందుకొచ్చేది "యువర్ అప్లికేషన్స్". అది బహువచనం. కాబట్టి "హ్యాజ్" పోయి "హ్యావ్" రావాలి: "యువర్ అప్లికేషన్స్ హ్యావ్ బీన్ రిజెక్టెడ్." ఆప్షన్లలో "హ్యాజ్ బీన్ రిజెక్టెడ్" తప్పకుండా ఒకటి పెడతారు, వల అదే. "న్యూస్", "ఫర్నిచర్" ఏకవచనం, "సిజర్స్", "ట్రౌజర్స్" బహువచనం అన్నది కూడా ఇక్కడే పనికొస్తుంది.

వీ3_వెంకట్
మాస్టారు చెప్పిన దానికి కొస. చొక్కా మార్చే ముందు ఆబ్జెక్ట్ ఉందో లేదో చూడాలి. క్రియను పట్టుకుని "ఎవరిని? దేన్ని?" అని అడగండి. జవాబు రాకపోతే ప్యాసివ్ లేదు. నాలుగోది అదే కేసు. "హ్యాపెన్" దేన్ని? జవాబు లేదు. కాబట్టి "వాజ్ హ్యాపెన్డ్" ఎప్పుడూ తప్పే. అక్కడ "నో ప్యాసివ్", "నో ఛేంజ్" లాంటి ఆప్షన్ కనబడితే టిక్ పెట్టేయండి. "అకర్", "డై", "అరైవ్", "అప్పియర్", "డిసప్పియర్", "కన్సిస్ట్ ఆఫ్", "బిలాంగ్ టు" ఇవన్నీ ఇదే గుంపు.

ఈ తప్పు మనవాళ్ల ఇంగ్లిష్‌లో ఇంతగా రావడానికి కారణం ప్యాసివ్ తెలియకపోవడం కాదు. నిన్నటి సంగతి అనగానే "వాజ్" పడాలని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. "ఐ వాజ్ వెంట్", "హీ వాజ్ డైడ్" అన్నీ అక్కడ పుట్టినవే. దీనికి తిరగబడిన తప్పు "ఐ బార్న్ ఇన్ 2001". అక్కడ మాత్రం "వాజ్" ఉండి తీరాలి: "ఐ వాజ్ బార్న్ ఇన్ 2001".

ఆబ్జెక్ట్ ఉన్నా తిరగని క్రియలు కొన్ని ఉన్నాయి. సొంతం అన్న అర్థంలో "హ్యావ్", ఇంకా "రిజెంబుల్", "ల్యాక్", "కాస్ట్", కొలత సరిపోయిందనే అర్థంలో "ఫిట్". "ఎ కార్ ఈజ్ హ్యాడ్ బై హిమ్" అని ఎవరూ అనరు.

నెల్లూరు_సుజాత
"బీన్", "బీయింగ్" తేడా మీద ఒక మాట. మన నోట్లో రెండూ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి, అందుకే రాతలో కలగాపులగం అవుతాయి. దానికి ముందున్న మాట చూస్తే చాలు. "హ్యాజ్", "హ్యావ్", "హ్యాడ్" వెనక వచ్చేది "బీన్" ఒక్కటే. "ఈజ్", "ఆర్", "వాజ్", "వర్" వెనక వచ్చేది "బీయింగ్" ఒక్కటే. "రోడ్ ఈజ్ బీన్ రిపేర్డ్", "ఫైల్ హ్యాజ్ బీయింగ్ సెంట్" రెండూ ఇంగ్లిష్‌లో లేవు.

"హ్యాజ్ బీన్ రైటింగ్", "విల్ బీ రైటింగ్" రకాలకు ప్యాసివ్ అడగరు. "హ్యాజ్ బీన్ బీయింగ్ రిటన్" అని సిద్ధాంతంగా కట్టొచ్చు గానీ వాడేవాళ్లు బహు అరుదు.

చాక్‌పీస్_మాస్టారు
ఇప్పుడు మిగతా నాలుగు.

ఒకటోది: "హీ వాజ్ మేడ్ టు వెయిట్." యాక్టివ్‌లో "మేక్", "సీ", "హియర్" వెనక దాక్కున్న "టు" ప్యాసివ్‌లో బయటికొస్తుంది. "హీ వాజ్ మేడ్ వెయిట్" అని రాస్తే మార్కు పోతుంది. "లెట్"కి ఈ పద్ధతి నప్పదు, దాని బదులు "అలౌ" వాడతారు: "హీ వాజ్ అలౌడ్ టు గో."

రెండోది: "బై హూమ్ వాజ్ ద విండో బ్రోకెన్?" మాటల్లో "హూ వాజ్ ద విండో బ్రోకెన్ బై?" కూడా సరే, కానీ పరీక్షలో మొదటిదే పెడతారు. ప్రశ్న తిప్పాక అది ప్రశ్నగానే మిగలాలి. "వాజ్" సబ్జెక్ట్ కన్నా ముందుందా అని చివర్లో ఒకసారి చూసుకోండి.

మూడోది: "హీ వాజ్ లాఫ్డ్ ఎట్ బై ద బాయ్స్." "ఎట్ బై" పక్కపక్కన చూసి భయపడి ఒకటి కొట్టేస్తారు. కొట్టేయకూడదు. "ఎట్" క్రియతో వచ్చింది, "బై" చేసినవాడితో వచ్చింది. "లుక్ ఆఫ్టర్", "లిసన్ టు" కూడా ఇంతే.

ఐదోది: రెండు దారులు. "ఇట్ ఈజ్ సెడ్ దట్ హీ వాజ్ రిచ్" తేలిక. "హీ"తో మొదలుపెట్టమంటే "హీ ఈజ్ సెడ్ టు హ్యావ్ బీన్ రిచ్". అనడం ఇప్పుడు, ధనం ఉండింది అప్పుడు, కాలాలు వేరు కాబట్టే "టు హ్యావ్ బీన్". "హీ ఈజ్ రిచ్" అని ఉంటే "టు బీ రిచ్" చాలు.

సెక్షన్_క్లర్క్
పరీక్షల సంగతి సరే, ఆఫీసు ఉత్తరాల్లో ప్యాసివ్ ఇంకా ఎక్కువ పాడవుతోంది. ముఖ్యంగా "ఇట్ ఈజ్ ఇన్‌ఫార్మ్‌డ్ దట్". "ఇన్‌ఫార్మ్" వెనక మనిషి ఉండాలి, ప్యాసివ్‌లో ముందుకు రావాల్సింది కూడా ఆ మనిషే: "యు ఆర్ ఇన్‌ఫార్మ్‌డ్ దట్ ద మీటింగ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్." "టెల్", "రిమైండ్", "నోటిఫై", "అష్యూర్" కూడా ఇదే జాతి.

దీనికి ఎదురు జాతి "సే", "ఎక్స్‌ప్లెయిన్", "సజెస్ట్", "అనౌన్స్". వీటి వెనక మొదట వచ్చేది విషయం, మనిషి "టు"తో వస్తాడు. అందుకే "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్" తప్పు, "ద రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ" ఒప్పు. "ఐ వాజ్ సజెస్టెడ్ టు అప్లై" బదులు "ఐ వాజ్ అడ్వైజ్డ్ టు అప్లై" రాస్తే గొడవ లేదు.

"ఇట్ ఈజ్ రిక్వెస్టెడ్ దట్" మాత్రం నిలుస్తుంది, కాకపోతే దాని వెనక "బీ" మారకుండా ఉండాలి: "దట్ ద ఫీ బీ పెయిడ్". అక్కడ "ఈజ్ పెయిడ్" రాస్తే నప్పదు.

కృష్ణాతీరం_అభ్యర్థి
మాస్టారూ, ఐదూ తేలిపోయాయి. "బై" సంగతేమిటి? ఒక గైడులో ప్రతి జవాబుకీ "బై దెమ్", "బై సమ్‌వన్" ఉంది, ఇంకోదాంట్లో లేదు.

వీ3_వెంకట్
రాయొద్దు. "సమ్‌వన్ హ్యాజ్ స్టోలెన్ మై బైక్" తిప్పితే "మై బైక్ హ్యాజ్ బీన్ స్టోలెన్", అక్కడితో ఆగాలి. దొంగెవరో తెలియకే కదా ఆ వాక్యం పుట్టింది. "పీపుల్", "దే", "సమ్‌బడీ", "పోలీస్ అరెస్టెడ్" లాంటి చోట్ల "బై" వ్యర్థం.

సెక్షన్_క్లర్క్
అన్నా, పోలీస్ విషయంలో అంత ఖాయంగా చెప్పకు. దొంగను అరెస్టు చేసేది పోలీసులే, "బై ద పోలీస్" అక్కర్లేదు. కానీ ఆ పని చేసింది కస్టమ్స్ వాళ్లో రైల్వే భద్రతా దళమో అయితే అదే వార్త, రాసి తీరాలి. పరీక్షలో అయితే మిగతా అంతా ఒప్పుగా ఉండి "బై" ఒక్కటే తేడా ఉన్న రెండు ఆప్షన్లు ఇవ్వడం అరుదు. ముందు టెన్స్ చూసి రెండు కొట్టేస్తే సాధారణంగా తేలిపోతుంది.

నెల్లూరు_సుజాత
"బై" కాని ప్రిపోజిషన్లు మర్చిపోతున్నారు. "నోన్ టు", "కంటెయిన్డ్ ఇన్", "ఫిల్డ్ విత్", "ప్లీజ్డ్ విత్", "ఇంట్రెస్టెడ్ ఇన్". "హిజ్ వర్క్ ప్లీజ్డ్ మీ" తిప్పితే "ఐ వాజ్ ప్లీజ్డ్ విత్ హిజ్ వర్క్". పనిముట్టుకు "విత్", మనిషికి "బై": "ద రోప్ వాజ్ కట్ విత్ ఎ నైఫ్ బై ద ఫిషర్‌మన్".

డల్లాస్_దారిలో
ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రాసేవాళ్లకి: రైటింగ్ మొదటి టాస్క్‌లో తయారీ ప్రక్రియ బొమ్మ వస్తే చాలా వాక్యాలు ప్యాసివ్‌లోనే నడుస్తాయి. ఉప్పుడు బియ్యం బొమ్మ వచ్చిందనుకోండి: "ద ప్యాడీ ఈజ్ సోక్డ్, స్టీమ్డ్, డ్రైడ్ అండ్ దెన్ మిల్డ్." ఒక్క "ఈజ్" నాలుగు క్రియలకూ సరిపోతుంది, ప్రతిసారీ మళ్లీ రాయనక్కర్లేదు.

అదే నీటి చక్రం బొమ్మ వస్తే జాగ్రత్త. అక్కడ పని చేసేవాడు ఎవడూ లేడు, ప్రకృతి తనంతట తాను చేసుకుంటోంది. "వాటర్ ఇవాపరేట్స్, రైజెస్ అండ్ కండెన్సెస్" అని యాక్టివ్‌లో రాయాలి. ప్రాసెస్ అంటే ప్యాసివ్ అని బట్టీ పట్టినవాళ్లు "ద వేపర్ ఈజ్ రిజెన్" అని రాస్తారు. "రైజ్"కి ఆబ్జెక్టే ఉండదు, వెంకట్ గారు చెప్పిన గుంపే అది.

కృష్ణాతీరం_అభ్యర్థి
ఆజ్ఞలు? "షట్ ద డోర్"కి "లెట్", "ప్లీజ్" ఉంటే "రిక్వెస్టెడ్", అంతేనా?

చాక్‌పీస్_మాస్టారు
అంతే, ఇంకొంచెం ఉంది. "షట్ ద డోర్": "లెట్ ద డోర్ బీ షట్." "ప్లీజ్ హెల్ప్ మీ": "యు ఆర్ రిక్వెస్టెడ్ టు హెల్ప్ మీ", ఇక్కడ "ప్లీజ్" మిగలకూడదు. ఆబ్జెక్ట్ లేని "గెట్ అవుట్" లాంటివాటికి "లెట్" కుదరదు, "యు ఆర్ ఆర్డర్డ్ టు గెట్ అవుట్" అనాలి. వద్దనే మాటకు "లెట్ ఇట్ నాట్ బీ టచ్‌డ్", "నాట్" చోటు "బీ"కి ముందే.

"నోబడీ హ్యాజ్ సీన్ హిమ్" కూడా చూసుకోండి. "హీ హ్యాజ్ నాట్ బీన్ సీన్ బై ఎనీబడీ." "నోబడీ"ని రెండు ముక్కలు చేసి "నాట్"ను క్రియ దగ్గరికి పంపాలి.

రెండు ఆబ్జెక్టులుంటే సాధారణంగా మనిషిని ముందు పెట్టండి: "ఐ వాజ్ గివెన్ ఎ బుక్." "ఎ బుక్ వాజ్ గివెన్ టు మీ" కూడా ఒప్పే, అక్కడ "టు" మరవకండి.

వీ3_వెంకట్
"మ్యాంగోస్ టేస్ట్ స్వీట్" రకం కూడా అడుగుతున్నారు. గైడ్ల జవాబు "మ్యాంగోస్ ఆర్ స్వీట్ వెన్ దే ఆర్ టేస్టెడ్". ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఎవరూ ఇలా అనరు, ఇది ప్రశ్నపత్రాల్లోనే బతికే వాక్యం. ఆప్షన్‌లో కనబడితే టిక్ పెట్టండి, ఉత్తరంలో మాత్రం రాయకండి.