కంచు సింగింగ్ బౌల్‌ను చింతపండుతో తోమవచ్చా? కార్తీకం వచ్చేలోగా చెప్పండి

గౌతమి తీరం (అమలాపురం):
మా తమ్ముడు నేపాల్ వెళ్ళినప్పుడు పాటన్‌లో కొని తెచ్చిన సింగింగ్ బౌల్ మా ఇంట్లో ఉంది. సుత్తితో సాగగొట్టిన కంచు గిన్నె, జానెడు వెడల్పు, బయట అంతా సుత్తి దెబ్బల గుంటలు. సాయంత్రం దీపం పెట్టాక మా అత్తగారు దాన్ని ఒకసారి మోగించి, ఆ నాదం పూర్తిగా ఆగేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఈ వానలకు గిన్నె నల్లబడింది. కార్తీకానికి దేవుడి సామాను అంతా చింతపండు, ఉప్పు వేసి తోమేటప్పుడు దీన్ని కూడా తోముతానని అత్తగారు అంటున్నారు. తోమితే నాదం పోతుందని తమ్ముడు ఫోనులో ఒకటే గొడవ. ఇద్దరూ పట్టు విడవడం లేదు. కంచు సంగతి తెలిసినవారు చెప్పండి.

వైనతేయ:
దయచేసి తోమనివ్వకండి. ఆ నలుపు మురికి కాదు. గాలి, తేమ, చేతి చెమట కలిసి లోహం మీద కట్టిన పొర అది. ఏళ్ళ తరబడి వచ్చినదాన్ని పది నిమిషాల్లో గీకేస్తే మళ్ళీ అలాంటిది రాదు. పైగా ఈ గిన్నెలను ఏడు గ్రహాలకు గుర్తుగా ఏడు లోహాలు కలిపి చేస్తారు. పులుపు తగిలితే ఆ పొందిక చెడి నాదం మారుతుంది. నా దగ్గరున్న గిన్నెను పొడి బట్టతో తప్ప దేనితోనూ ముట్టను.

అజ్జరం అల్లుడు:
పొర గురించి వైనతేయ గారు చెప్పింది సరైనదే. ఏడు లోహాల మాట మాత్రం అమ్మేవారి మాట. ప్రయోగశాలలో పరీక్షించిన గిన్నెల్లో తేలింది మామూలు కంచే. నాలుగు పాళ్ళు రాగికి సుమారు ఒక పాలు తగరం. సీసం, ఇనుము లాంటివి కనబడినా అవి ముడి లోహంతో వచ్చిన జాడలే తప్ప కావాలని కలిపినవి కావు.

నాదం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ తగాదా సగం తీరుతుంది. తగరం ఇంత ఎక్కువగా ఉన్న కంచు చల్లగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బకు ఆగదు, పగులుతుంది. అందుకే కంచరి దాన్ని ఎర్రగా కాల్చి, వేడి మీదే కొట్టి, రంగు తగ్గగానే మళ్ళీ కొలిమిలో పెడతాడు. చివరికి ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచుతాడు. ఉక్కు అలా ముంచితే పెళుసవుతుంది, ఈ కంచుకు మాత్రం పెళుసుదనం తగ్గుతుంది. గోడ మందం, అంచు, గుండ్రదనం అన్నీ ఆ కొలిమి దగ్గరే ఖాయమవుతాయి. మోగేది అవి. పైనున్న నల్ల పొర కంటికి రంగుగా కనబడేంత పల్చనిది. దాన్ని తీసినంత మాత్రాన నాదం పోదు.

కానీ అమ్మా, ఉప్పు మాత్రం వద్దు. చింతపండు పులుపు నల్ల పొరను కరిగిస్తుంది, కడిగితే పోతుంది. ఉప్పులోని క్లోరైడ్ అలా పోదు. సుత్తి గుంటల్లో, సన్న గీతల్లో దాక్కుని, గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని లోపలి నుంచి తింటుంది. మన ప్రాంతంలో అసలే ఉప్పు గాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళలో కిటికీ ఊచలు ఎలా ఉంటాయో చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ గాలి చాలదన్నట్టు మనమే ఉప్పు రుద్దడం ఎందుకు?

క్షీరపురి (పాలకొల్లు):
అత్తగారి తరఫున ఒక్కరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను. దేవుడి దగ్గర పెట్టిన వస్తువు మిలమిలలాడాలి. మా ఇంట్లో కార్తీకానికి ముందు హారతి పళ్ళెం, గంట, కుందులు అన్నీ పెరట్లో వేసుకుని తోముకోవడం పండుగలో భాగం. కొబ్బరి పీచు, చింతపండు, అంతే. మా అమ్మమ్మ వాడిన గంట ఇప్పటికీ వీధి చివరి దాకా వినబడుతుంది. ఏటా తోమినందుకు అది మూగబోలేదు. ఆ గిన్నె ఆ ఇంటికి వచ్చాక ఆ ఇంటి పూజా వస్తువే. మ్యూజియంలో పెట్టడానికి కొన్నట్టు మాట్లాడితే ఎలా?

నరసాపురం టీచర్:
ఫిజిక్స్ చెప్పేవాడిని కాబట్టి మోగించడం గురించి కూడా రాస్తాను. చాలామంది తోమడాన్ని నిందించేది గిన్నె సరిగా పలకనప్పుడే.

అంచు చుట్టూ కర్ర తిప్పినప్పుడు అది నున్నగా జారిపోదు. పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని ఇదే. కాబట్టి అంచుకు పట్టు కావాలి. కోనసీమలో చిలుము పట్టకుండా కొబ్బరినూనె రాసే అలవాటుంది. అంచుకు నూనె తగిలితే కర్ర జారిపోతుంది, గిన్నె పలకదు. వెంటనే ‘తోమడం వల్ల నాదం పోయింది’ అంటారు. అంచును సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక మళ్ళీ తిప్పి చూడండి.

గిన్నెను చాచిన అరచేతిలో పెట్టుకోండి, వేళ్ళు పక్కల మీదికి రాకూడదు. మొదట కర్రతో మెల్లగా ఒక దెబ్బ వేసి, ఆ మోత ఉండగానే కర్రను నిలువుగా పట్టుకుని బయటి అంచు వెంట నిదానంగా తిప్పాలి. గిన్నె కటకటమని చప్పుడు చేస్తే వేగం తగ్గించి ఒత్తిడి కొంచెం పెంచండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు, చప్పుడు రాగానే ఇంకా గబగబా తిప్పుతారు.

నాదం పెరుగుతూ తగ్గుతూ ఊగడం మీరు వినే ఉంటారు. చేత్తో చేసిన గిన్నె ఎంత బాగా చేసినా పూర్తి గుండ్రంగా ఉండదు. అందువల్ల దగ్గర దగ్గరగా ఉండే రెండు స్వరాలు పుడతాయి. ఒకటి 220 హెర్ట్జ్, ఇంకొకటి 223 అనుకుందాం. చెవికి సెకనుకు మూడు ఊపులు వినబడతాయి. ఏ పొడితో తోమినా ఈ తేడా పోదు, కింద పడేసి సొట్ట పెడితే తప్ప.

కొందరు అందులో నీళ్ళు పోసి మోగిస్తారు. నీటి బరువుకు స్వరం దిగుతుంది, గట్టిగా తిప్పితే చుక్కలు పైకి ఎగురుతాయి. ఆ చుక్కల మీద జాన్ బుష్, డెనిస్ టెర్వాన్ 2011లో పరిశోధన పత్రమే ప్రచురించారు. సరదాగా పోయండి, బోరు నీళ్ళు మాత్రం వద్దు. తీరం దగ్గర చాలా చోట్ల అవి ఉప్పన.

ఇక తోమడం గురించి. అల్లుడు గారు చింతపండుకు అంత తేలిగ్గా అనుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం. సుత్తి గుంటల్లో పులుపు నిలిచిపోతే మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. హారతి పళ్ళెం నున్నగా ఉంటుంది, ఇది అలా ఉండదు.

వైనతేయ:
నాదం మారదు అన్నంత మాత్రాన తోమవచ్చని అర్థం కాదు. హిమాలయ ప్రాంతంలో పాత గిన్నెల్లో చాలావరకు ఇళ్ళలో అన్నానికీ, ధాన్యానికీ వాడినవి. ఎవరి చేయి ఎక్కడ పట్టుకుందో, ఏ వైపు అరిగిందో ఆ పొర చెబుతుంది. తోమితే ఆ చరిత్ర పోతుంది. క్షీరపురి గారూ, మీ అమ్మమ్మ గారి గంట మీ ఇంటిదే కాబట్టి దాని కథ మీకు తెలుసు. ఎవరి ఇంటిదో తెలియని పాత గిన్నెకు ఆ పొర తప్ప వేరే సాక్ష్యం లేదు.

అజ్జరం అల్లుడు:
పాతదైతే మీ మాటే నా మాట, ముట్టుకోకూడదు. కానీ పాటన్‌లో ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. కొత్త గిన్నెకు చరిత్ర అంటూ ఆ నలుపును కాపాడటం అనవసరం. గౌతమి తీరం గారు అది పాతదో కొత్తదో మీ తమ్ముణ్ణి అడగండి. టీచర్ గారూ, గుంటల సంగతి నిజమే. అందుకే చింతపండు నానబెట్టి ఉంచకూడదు. పల్చటి రసం మెత్తటి బట్టతో రుద్ది, వెంటనే మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, గుంటల్లో తడి లేకుండా తుడవాలి. ఇటుక పొడి, ఇసుక, ఇనుప పీచు అసలు వద్దు. ఆరబెట్టడానికి పొయ్యి మీద పెట్టకండి. కంచరి నీళ్ళలో ముంచి తగ్గించిన పెళుసుదనం ఎక్కువ వేడికి మళ్ళీ వస్తుంది.

గౌతమి తీరం:
తమ్ముడికి ఫోను చేశాను. దుకాణంలో ఆ నెలలోనే చేసినదని చెప్పి అమ్మారట. అత్తగారికి అంతా చదివి వినిపించాను. ఉప్పు మానేస్తానన్నారు, చింతపండు మాత్రం మాననన్నారు. కానీ గిన్నెను వెలుతురులో పెట్టి చూస్తే లోపల అడుగున కందిగింజంత లేత ఆకుపచ్చ మచ్చ ఉంది. గోటితో తాకితే పొడిలా రాలింది. చుట్టూ ఉన్న నలుపు మాత్రం రాలడం లేదు. ఇది ఏమిటి?

అజ్జరం అల్లుడు:
అయితే ముందు దాని సంగతి చూడాలి. గట్టిగా అంటుకున్న ముదురు పచ్చ చిలుము వల్ల పెద్దగా భయం లేదు. పొడిగా రాలే లేత ఆకుపచ్చ మాత్రం నేను చెప్పిన క్లోరైడ్ పనే అయి ఉంటుంది. దాని మీద చింతపండు వేయకండి, పులుపు దాన్ని ఆపదు, ఇంకా లోపలికి పోనిస్తుంది. సన్నటి వెదురు పుల్లతో పొడిని తీసేసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగండి. పూర్తిగా ఆరాక, గాలి చొరని డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. వారం తర్వాత అదే చోట పొడి మళ్ళీ కనబడితే ఇంట్లో చేసేది ఏమీ లేదు, పాత లోహ విగ్రహాలను బాగుచేసే నిపుణులకు చూపించాలి. కనబడకపోతే అత్తగారు తోముకోవచ్చు. డబ్బాలో పెట్టే ముందు ఒకసారి మోగించి వినండి. జరజరమని చిన్న చప్పుడు కలిస్తే ఎక్కడో వెంట్రుక పగులు ఉన్నట్టే, అప్పుడు కర్రతో గట్టిగా కొట్టవద్దు.