కథల పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే: ఆఫ్‌సెట్టా, డిజిటల్ ముద్రణా, ఈ-పుస్తకమా?

ప్రశ్న (కావలి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. వార, మాస పత్రికల్లో వచ్చిన నా కథల్లో కొన్నింటిని ఏర్చి, 160 పేజీల పుస్తకంగా తేవాలని అనుకుంటున్నాను. ఒక ఆఫ్‌సెట్ ముద్రణాలయం వారు వెయ్యి ప్రతులకు తక్కువైతే గిట్టదని అంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, అడిగినప్పుడు అడిగినన్ని ప్రతులే వేసి ఇచ్చే సంస్థలు ఉన్నాయి కదా అంటున్నాడు. మరో మిత్రుడు అసలు కాగితమే వద్దు, అమెజాన్ వారి ఈ-పుస్తకాల అంగడి కిండిల్‌లో పెట్టమంటున్నారు. నెల్లూరు టౌన్ హాలులో ఎన్నో ఆవిష్కరణ సభలకు వెళ్లాను. సభ ముగిశాక మిగిలిన కట్టలు రచయిత ఇంటి అటక మీదికి చేరడమూ చూశాను. లాభం ఆశించడం లేదు, చదివేవారి చేతికి చేరితే చాలు. ఈ మూడింటిలో ఏ దారి మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు, డి.టి.పి. పని, అంటే కంప్యూటరులో టైపు చేసి పుటలు కూర్చడం)

మాస్టారూ, ముద్రణాలయం వారి మాటలో అన్యాయం లేదు. డెమ్మీ 1/8 సైజులో 16 పేజీలు ఒక ఫారం అనుకుంటే మీ పుస్తకం 10 ఫారాలవుతుంది. ఆ ఫారాలకు ప్లేట్లు చేయించి, యంత్రం మీద సర్దడానికి అయ్యే ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యికైనా ఒకటే కాబట్టి, ఆఫ్‌సెట్‌లో సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి చవక అవుతుంది. డిజిటల్ ముద్రణలో ప్లేటు ఉండదు. పదో ప్రతికీ రెండువందలవ ప్రతికీ ధరలో పెద్ద తేడా రాదు. ఒక్కో ప్రతి ఖరీదైనా, అటక మీద పడుండే వాటి ఖర్చు మిగులుతుంది. మీ అవసరానికి మొదట నూరో, నూటయాభయ్యో డిజిటల్‌లో వేయించడమే నయం.

అయితే ఇంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీ కథలు ఏ అక్షరాల్లో టైపు అయ్యి ఉన్నాయి? మా వృత్తిలో చాలామంది ఇప్పటికీ పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే ఫాంట్లతోనే పని చేస్తారు. ఆ ఫైలులో తెలుగు కనిపిస్తుందే గాని, లోపల ఉండేవి వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, అందులో ఒక మాట కోసం వెదికినా దొరకదు, ఈ-పుస్తకంగా మార్చడమూ కుదరదు. ఏ కంప్యూటరులోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే సంకేత పద్ధతి యూనికోడ్. అందులోకి మార్చే పరికరాలు ఉన్నాయి గాని, వత్తులు అక్కడక్కడా చెదిరిపోతాయి కనుక మళ్లీ ఆసాంతం ప్రూఫు చూడక తప్పదు. అందువల్ల మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయించండి. మండలి, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పని ముగిశాక పి.డి.ఎఫ్. ఒక్కటే కాకుండా, సవరించడానికి వీలైన అసలు ఫైలు కూడా అడిగి తీసుకోండి. డబ్బు చెల్లించిన రచయిత దగ్గర సొంత పుస్తకపు ఫైలు లేకపోవడం మన దగ్గర మామూలైపోయింది.

జవాబు 2 (నెల్లూరు, పుస్తకాల దుకాణం)

అచ్చు సులువైంది, నిజమే. అమ్మకం మాత్రం ఉన్నచోటే ఉంది. 150 రూపాయల పుస్తకానికి విక్రేత 40 శాతం కమిషన్ తీసుకుంటే మీకు మిగిలేది 90 రూపాయలు. అందులోనే ముద్రణా, రవాణా. డిజిటల్‌లో కొద్ది ప్రతులు వేసినవారికి ఈ లెక్క కుదరక, దుకాణాలకు ఇవ్వడం మానేసి పాఠకులకే నేరుగా పంపుతున్నారు. దుకాణదారుగా నాకిది నష్టమే అయినా, వారిని తప్పుపట్టలేను.

నేరుగా పంపేవారికి తపాలా ఖర్చే ముఖ్యం. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు నిజంగా చిక్కుల్లో పడ్డారు. 2025 మే 1 నుంచి దాని బదులు, పుస్తకాలను తక్కువ ధరకు పంపే జ్ఞాన్ పోస్ట్ సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పైన పన్ను. మీ పుస్తకం 300 గ్రాములు దాటకుండా కాగితం ఎంచుకుంటే ప్రతి పార్సిల్ మీదా కలిసివస్తుంది. ఈ ఒక్క మాటా ముద్రణకు ముందే డి.టి.పి. వారితో చెప్పండి.

విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లో సొంతంగా స్టాలు తీసుకోవద్దు. ఇతర రచయితలతో కలిసి ఒక బల్ల పంచుకుంటే చాలు.

జవాబు 3 (దర్శి, ఆన్‌లైన్ కథల వేదిక ప్రతిలిపిలో ధారావాహికలు రాసే రచయిత్రి)

కాగితం గురించే మాట్లాడుతున్నారు గనుక నా మాట కూడా వినండి. నా పాఠకుల్లో ఎక్కువమంది ఫోనులోనే చదువుతారు. వంట ముగిశాకో, బస్సులోనో ఒక భాగం చదివి వెంటనే అభిప్రాయం రాస్తారు. అయితే అక్కడ నిలిచేది రోజుకో మలుపు తిరిగే ధారావాహిక. మాస్టారి కథల వంటివి అందులో తొందరగా మునిగిపోతాయేమోనని నా అనుమానం. రెండు మూడు కథలు ఉచితంగా పెట్టి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి ఆ వేదికను వాడుకోవచ్చు.

కిండిల్ సంగతి: 2016 డిసెంబరులో అమెజాన్ వారు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. సొంతంగా ఎక్కించేవారు ముందుగా వారి భాషల జాబితా చూసుకుని గాని శ్రమ పడకూడదు. 2010లో మొదలైన కినిగె వంటి తెలుగు ఈ-పుస్తకాల అంగళ్లు పుట్టింది ఈ లోటులోనే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు. ఒక సంస్థ తక్కువ రుసుముతో పుస్తకం వేసి, ఐ.ఎస్.బి.ఎన్. కూడా ఇప్పిస్తామంటూ ఒప్పంద పత్రం పంపింది. అందులో ‘సర్వహక్కులు’ అన్న మాట ఉంది, గడువు లేదు. పత్రికల్లో వచ్చిన కథలకు ఆ పత్రికల అనుమతి కావాలా అన్నది రెండవది.

జవాబు 4 (ఒంగోలు, న్యాయవాది)

ఐ.ఎస్.బి.ఎన్. కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దానిని ఉచితంగానే ఇస్తుంది, రచయిత తన పేరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అది పుస్తకాన్ని గుర్తించే సంఖ్య మాత్రమే, దానితో హక్కేదీ రాదు. మీకు ఒప్పందం పంపిన సంస్థ దానిని తన పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్తగా నమోదయ్యేది ఆ సంస్థే.

హక్కుల బదిలీ 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. చట్టం ఇంతవరకు మిమ్మల్ని కాపాడుతుంది గాని, అయిదేళ్లూ తక్కువేమీ కాదు. ‘సర్వహక్కులు’ కొట్టివేయించి, ‘ఈ ముద్రణకు మాత్రమే’ అని రాయించండి. ఈ-పుస్తకం, ఆడియో, అనువాదం మీ దగ్గరే ఉంచుకోండి. ఇప్పుడు ఆడియో కథలకు గిరాకీ ఉంది గనుక దానిని ఉత్తపుణ్యానికి వదలవద్దు.

పత్రికల విషయంలో, మీరు వాటి ఉద్యోగిగా కాక బయటి రచయితగా పంపిన కథలైతే, హక్కులు రాసిచ్చి ఉండకపోతే కాపీరైటు మీదే. అనుమతి అక్కరలేదు. మొదట ఏ పత్రికలో, ఏ సంచికలో వచ్చిందో కథ చివర వేయడం మర్యాద. పోటీకి పంపినవి ఏవైనా ఉంటే మాత్రం, నిబంధనల్లో హక్కుల గురించి ఏం రాశారో ఆ పాత సంచిక తీసి చూడండి.