పాత స్కూలు బస్సుకి ఏసీ: రాత్రి ఇంజిన్ ఆపేసి పడుకోవాలంటే ఏం చెయ్యాలండి?

అంబాజీపేట కొబ్బరితోట:

నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె, కొబ్బరి వ్యాపారం. పోయినేడాది ఒక పాత స్కూలు బస్సు కొన్నాను. లోపల పొడవు 20 అడుగులు, వెడల్పు 7, ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. సీట్లు పీకించి రెండు మంచాలు, చిన్న వంటగట్టు, వెనక బాత్రూము కట్టించాను. అమ్మకి 74 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. లాడ్జీ మెట్లెక్కలేదు, కింద కూర్చుని లేవలేదు. అరుణాచలం, శ్రీశైలం, కుంభకోణం చూపిస్తానని మాటిచ్చాను. పిల్లల సెలవులు మేలోనే కాబట్టి ప్రయాణం కూడా మేలోనే.

మొన్న మేలో ఒకసారి చూద్దామని అంతర్వేది వెళ్ళి సముద్రానికి కాస్త ఇవతల ఆగాం. సాయంత్రం బస్సాపి పైకప్పు మీద లోపల్నుంచి చెయ్యి పెడితే అట్ల పెనం ముట్టుకున్నట్టే ఉంది. సముద్రపు గాలి వస్తుంది కదా, అదే చల్లబడుతుందిలే అనుకున్నాను. పది దాటేసరికి గాలి ఆగిపోయింది. దోమలకని కిటికీలకి మెష్ వేస్తే వచ్చే ఆ కాస్త గాలీ రాలేదు. ఒంటిగంటకి మెలకువ వచ్చి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. దుప్పటి తడిసి ముద్దయింది. "నువ్వు పడుకోరా, నాకలవాటే" అంది. మళ్ళీ పైకప్పు మీద చెయ్యి పెట్టాను. ఈసారి వేడి లేదు, తడిగా ఉంది. నీటిచుక్కలు వేలికంటుకున్నాయి.

ఊళ్ళో అడిగితే ఒకాయన టన్నున్నర మామూలు స్ప్లిట్ ఏసీ, కింద డిక్కీలో పెట్రోలు జనరేటర్ పెట్టిస్తానన్నాడు. లక్షా ఎనభై వేలు చెప్పాడు. ఇంకొకాయన టూరిస్టు బస్సుల్లో మాదిరి ఇంజిన్ బెల్టు ఏసీ వేయించుకోమన్నాడు. అది ఇంజిన్ ఆడుతుంటేనే కదా పనిచేసేది? మాకు కావాల్సింది రాత్రి నిద్ర. బ్యాటరీ మీద నడిపే వీలుందా? ఎన్ని టన్నులు పెట్టాలి? చేసినవాళ్ళుంటే చెప్పండి. డబ్బుకి వెనకాడను గానీ రెండుసార్లు పెట్టుకోలేను.

పాలకొల్లు ఫ్రిజ్ మెకానిక్:

ఇరవై రెండేళ్ళుగా ఇదే పనండి. ఇళ్ళ ఏసీలు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల బళ్ళు. అమ్మగారి కోసం చేయిస్తున్నారు కాబట్టి వివరంగానే రాస్తాను.

మీ వేలికంటుకున్న ఆ చుక్కల దగ్గరే మొదలెడదాం. పగలు కాలిపోయిన రేకు రాత్రి ఆకాశంలోకి వేడి వదిలేసి గాలికన్నా చల్లబడింది. మీ ఊపిరిలో ఆవిరీ, సముద్రం చెమ్మా దానికి తగిలి నీళ్ళయ్యాయి. అంటే మీ పైకప్పు పగలు ఎండనీ ఆపట్లేదు, రాత్రి చెమ్మనీ ఆపట్లేదు. దాన్నలా ఉంచి ఏసీ కొంటే, ఆ ఏసీ జీవితమంతా రేకుతో కుస్తీకే సరిపోతుంది.

లెక్క చూడండి. మీ పైకప్పు 140 చదరపు అడుగులు, అంటే 13 చదరపు మీటర్లు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి ఇంచుమించు 1000 వాట్లు. మీ బస్సు నెత్తి మీద 13 కిలోవాట్ల ఎండ పడుతోందన్నమాట. ఒక టన్ను ఏసీ, అంటే గంటకి 12,000 బీటీయూల వేడి తోడేది, గట్టిగా పనిచేస్తే తోడేది మూడున్నర కిలోవాట్ల వేడి. పడ్డ ఎండంతా లోపలికి రాదు, నిజమే. అందులో నాలుగో వంతు వచ్చినా ఏసీ చచ్చినట్టు అక్కడే ఆగిపోతుంది.

మన భీమవరం వైపు రొయ్యల పెట్టెలు చూశారు కదా. రెండు వేళ్ళ మందం థర్మాకోలు, లోపల ఐసు, మూత చుట్టూ టేపు. అందులో మిషనేమీ ఉండదు. అయినా మర్నాటికి ఐసు ఉంటుంది. మీ బస్సుని ముందు ఆ పెట్టెలా చెయ్యండి. ఆ తర్వాతే ఏసీ.

లోపలి పాత లైనింగు మొత్తం ఊడదీయించండి. దాని వెనక ఈపాటికే తుప్పు ఉంటుంది. గీకించి తుప్పు ఆపే రెడాక్సైడ్ రంగు కొట్టించండి. ఆ పైన నీళ్ళు పీల్చని ఫోమ్ అంటించాలి. నైట్రైల్ రబ్బరైనా సరే, ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఫోమైనా సరే. పైకప్పుకి 50 ఎంఎం, గోడలకి 25. గ్లాస్‌ఊల్, అదే గాజు దూది, మాత్రం వద్దు. మన చెమ్మకి అది తడి గుడ్డలా తయారై రేకుని లోపల్నుంచి తినేస్తుంది. ఇంకో సంగతి, అందరూ చేసే తప్పు: రిబ్బులు, అదే అడ్డంగా ఉండే ఇనుప వంపులు, వాటిని వదిలేసి మధ్య ఖాళీల్లోనే ఫోమ్ నింపుతారు. ఇనుము బయటి వేడిని సూటిగా లోపలికి తెస్తుంది. రిబ్బుల మీద కూడా కనీసం 10 ఎంఎం పొర వెయ్యాలి. అతుకులన్నీ టేపు వెయ్యాలి. చెమ్మ దూరే సందు ఒక్కటి మిగిలినా అక్కడే తుప్పు పుడుతుంది. మీకు ఎత్తులో రెండంగుళాలు పైనే పోతుంది, తప్పదు.

పసుపు తీసి పైకప్పుకి తెల్ల రంగు కొట్టించండి. కిటికీలకి లోపల కర్టెన్ కన్నా బయట గుడ్డ కట్టడం మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ ఏం చేస్తుంది? సగం కిటికీలు పూర్తిగా మూసేసి రేకూ ఫోమూ వేయించండి. అత్యవసర ద్వారం జోలికి మాత్రం పోకండి. దానికి మంచం గానీ ఏసీ గానీ అడ్డం పెట్టొద్దు.

ఇక టన్నులు. పైన చెప్పిందంతా చేస్తే ఒక టన్ను చాలు, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటూ తిరిగే ఇన్వర్టర్ కంప్రెసర్‌దే కావాలి. మీకు చెప్పిన టన్నున్నర మామూలుది వద్దు. ఎందుకంటే మన గోదారి జిల్లాల్లో బాధ వేడి ఒక్కటే కాదు, ఉక్కపోత. పెద్ద ఏసీ చిన్న గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాల్లో నీళ్ళు పిండే టైము దానికి దొరకదు. 24 డిగ్రీలు చూపిస్తుంది, ఒళ్ళు మాత్రం జిడ్డుగానే ఉంటుంది. చిన్నది నెమ్మదిగా ఆగకుండా తిరిగితే నీళ్ళు లాగుతుంది. ఒక లీటరు ఆవిరిని నీళ్ళుగా మార్చడానికే దాదాపు 0.68 యూనిట్ల చల్లదనం ఖర్చవుతుంది. కిటికీ సందుల్లోంచి చెమ్మ గాలి వస్తూనే ఉంటే ఆ ఖర్చు ఆగదు. అందుకే రబ్బరు బీడింగులు కొత్తవి వేయించమంటున్నాను. ఊపిరికి మాత్రం పైన ఒక చిన్న వెంట్ వదలండి.

బ్యాటరీ: ఇన్వర్టర్ ఏసీ మొదటి గంట 1000 వాట్లు లాగినా, చల్లబడ్డాక 400 దగ్గర నిలకడగా ఉంటుంది. రాత్రి తొమ్మిది గంటలపాటు నడిపితే నాలుగు యూనిట్ల పైన, ఫ్యాన్లూ, బ్యాటరీ కరెంటుని మార్చే ఇన్వర్టర్ పెట్టెలో పోయే నష్టమూ కలిపి అయిదు అనుకోండి. 51 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేదే అయిదు. పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు కాబట్టి రెండు పెట్టుకోండి. ఇళ్ళల్లో వాడే 150 ఏహెచ్ ట్యూబులర్‌లో 1.8 యూనిట్లుంటే వాడుకోగలిగేది అందులో సగమే. అయిదు యూనిట్లకి ఆరు కావాలి, మూడు క్వింటాళ్ళ బరువు. పైకప్పు మీద 550 వాట్ల ప్యానెళ్ళు రెండు పడతాయి. ఎండ బాగుంటే రోజుకి నాలుగు యూనిట్లు. రేకుకి ప్యానెల్‌కి మధ్య నాలుగంగుళాలు గాలాడేలా ఎత్తి బిగించండి, గొడుగు పట్టినట్టుంటుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి కూడా నింపుకోవచ్చు, మధ్యలో డీసీ ఛార్జర్ పెట్టి. నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు.

ఏసీని 26లో పెట్టి, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్ ఒకటి మంచాల మీదుగా తిప్పండి. 22లో పెడితే ఏ బ్యాటరీ తెల్లవారుదాకా ఆగదు.

నేనైతే ఇన్వర్టర్ విండో ఏసీ దొరికితే అదే పెడతాను. గ్యాసు గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే అతికి వస్తాయి, కుదుపులకి ఊడే నట్టు ఉండదు. వెనక గోడకి, తలుపు పక్కన. బయటికొచ్చే భాగానికి పక్కలనుంచి కూడా గాలి కావాలి, అవి మూసుకుపోకూడదు.

రావులపాలెం ట్రావెల్స్:

మెకానిక్ గారు చెప్పిన దాంట్లో ఒక్క విండో ఏసీ తప్ప అన్నీ ఒప్పుకుంటానండి. మినీబస్సులో విండో పెట్టి చూశాను. చిన్న బండిలో ఆ మోత తల పక్కనే ఉంటుంది. పెద్దవాళ్ళు నిద్రపోలేరు.

స్ప్లిట్‌తో నాకు దెబ్బ తగిలిన మాట నిజమే. అవుట్‌డోర్ వెనక ఫ్రేము మీద పెట్టారు. రాగి గొట్టం తిన్నగా లాగి ఇంట్లో బిగించినట్టే నట్టు బిగించారు. రెండు నెలలు కాకుండానే రాజమండ్రి దాటాక చల్లదనం పోయింది. ఆపి చూస్తే నట్టు మెడ దగ్గర వెంట్రుకంత చీలిక, చుట్టూ నూనె మరక. గ్యాసు మొత్తం పోయింది. రెండోసారి చేయించినప్పుడు, నట్టుకి ముందు గొట్టాన్ని పళ్ళెమంత చుట్ట రెండు వరసలు తిప్పించాను. కుదుపు ఆ చుట్ట తీసుకుంటుంది, నట్టు దాకా పోదు. అవుట్‌డోర్ కింద నాలుగు రబ్బరు బుష్‌లు. ఇప్పటికి రెండేళ్ళు, గ్యాసు నింపలేదు.

సముద్రం పక్కన ఆగినప్పుడల్లా మర్నాడు అవుట్‌డోర్ రెక్కల మీద మంచినీళ్ళు పోసి కడగండి. ఉప్పు అల్యూమినియాన్ని పిండి చేసేస్తుంది.

కాకినాడ నర్సు:

అన్నయ్య గారూ, ఏసీ గురించి నాకు తెలియదు. జనరేటర్ అన్న మాట చూసి రాస్తున్నాను. దయచేసి డిక్కీలో పెట్టించకండి.

2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్క ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. ఏసీ వేసుకుని పడుకున్నారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. ఆ వాయువుకి వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళకి తలనొప్పీ వికారమూ వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకి అవీ తెలియవు. రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకున్నా ఇదే ప్రమాదం. మీరు ఎంత బాగా సందులు మూసినా నేలలో వైరు కోసం పెట్టిన రంధ్రం ఒక్కటి చాలు.

బ్యాటరీ మీదే నడిపినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మంచం దగ్గర పెట్టుకోండి. మీ పక్కన ఆగిన లారీ ఇంజిన్ ఆపకపోవచ్చు. లోపల వంట గ్యాసు సరిగ్గా మండకపోయినా ఇదే వాయువు వస్తుంది.

తణుకు రైస్‌మిల్లు:

పని మొదలెట్టకముందే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇలాంటి మార్పులకి అనుమతి కావాలి. మోటార్ క్యారవాన్‌లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరే ఉంది. ఆర్‌సీలో స్కూలు బస్సనే ఉంచేసి తిరిగితే తమిళనాడు చెక్‌పోస్టులోనే కాదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ఇబ్బంది పడతారు.

అంబాజీపేట కొబ్బరితోట:

నెల దాటిందండి, ఆలస్యానికి ఏమనుకోకండి. అందరికీ దణ్ణాలు. నర్సమ్మ గారూ, మీ మాట ఇంట్లో చదివి వినిపించాను. జనరేటర్ ఆలోచన ఆ రోజే మానేశాం. ఆర్‌సీ కాయితాలు పెట్టాను, ఇంకా రాలేదు.

లైనింగు ఊడదీస్తే మెకానిక్ గారన్నట్టే పైకప్పు రేకు రెండుచోట్ల జల్లెడైపోయి ఉంది. పాత గ్లాస్‌ఊల్ చేత్తో పిండితే ఎర్రటి నీళ్ళు కారాయి. ముక్కలు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ఫోమ్ అంటించి, ప్లై వేశాం. రిబ్బుల మీద పొర నా చేతులతో నేనే అంటించాను, పనివాళ్ళు అక్కర్లేదంటున్నా సరే.

పని ముందొకసారి, తర్వాతొకసారి మధ్యాహ్నం రెండింటికి కొబ్బరికాయల కళ్ళంలో ఎండకి నిలబెట్టి చూశాను. చెట్ల కింద పెట్టే అలవాటు ముందే మానేశాను, రేపు ప్యానెల్ మీద కాయ పడితే అంతే. పనికి ముందు లోపలి రేకు 58 డిగ్రీలు చూపించింది. ఇప్పుడు ప్లై మీద 39. ఏసీ ఇంకా కొననేలేదు. అమ్మ ఎక్కి ఫ్యాన్ వేసుకుని గంటసేపు పడుకుంది. దిగాక, "వేడిగానే ఉందిరా, కానీ నెత్తి మీద నిప్పులు పోసినట్టు లేదు" అంది.

స్ప్లిట్‌కే వెళ్తున్నాను, రావులపాలెం గారు చెప్పిన చుట్ట వేయించి. ఒక్క అనుమానం. ఇండోర్‌నుంచి నీళ్ళు బయటికి పోయే గొట్టం వాలు ఎటు పెట్టాలి? బండి ఏ రోజు ఎటు వాలి ఆగుతుందో తెలియదు కదా. గుడి దగ్గర పార్కింగు ఎప్పుడూ సమంగా ఉండదు.

పాలకొల్లు ఫ్రిజ్ మెకానిక్:

ఇండోర్‌లో నీళ్ళు పడే ట్రేకి రెండు చివరలా రెండు గొట్టాలు పెట్టండి. ఎటు వాలినా ఒకటి పనిచేస్తుంది. రెండూ నేల కిందికి తీసి, బ్యాటరీ పెట్టెకి దూరంగా వదలండి. దోమలు దూరకుండా చివర మెష్ కట్టండి. ఉక్కపోత రాత్రయితే తెల్లారేసరికి సగం బకెట్ పైనే వస్తాయి, అమ్మగారి మంచం వైపు ఇండోర్ పెట్టకండి. ఇండోర్ కొనేముందు ట్రే కొలతలు పంపండి, రెండో రంధ్రం లేకపోతే వేసి ఇస్తాను. శనివారం షాపులోనే ఉంటాను.