జెల్‌మా బయోఇంక్ నాలుగో పొరకల్లా సూదిలో గడ్డకడుతోంది

కొవ్వు కణజాలం కోసం బయోఇంక్‌తో (జీవకణాలు కలిపి ప్రింట్ చేసే జెల్) 10 పొరల జాలీ 3డి ప్రింట్ చేస్తున్నాను. గాలి ఒత్తిడితో ఇంకును సూదిలోంచి నెట్టే ఎక్స్‌ట్రూషన్ ప్రింటర్. ఇంకు 7% జెల్‌మా (వెలుతురుతో గట్టిపడేలా మార్చిన జెలటిన్), 0.25% ల్యాప్ (LAP, వెలుతురు తగిలితే ఆ గట్టిపడటాన్ని మొదలుపెట్టే రసాయనం). కార్ట్‌రిడ్జ్ 26 డిగ్రీలు, బెడ్ 15, గది 20. 25 గేజ్ అరంగుళం స్టీల్ సూది.

మొదటి మూడు పొరలు 25 కిలోపాస్కల్స్ దగ్గర దారంలా చక్కగా పడతాయి. ఆరేడు నిమిషాలకి ధార సన్నబడి ఆగిపోతుంది. ఒత్తిడి 70కి పెంచితే ముద్దలుగా ఊడిపడుతోంది. కణాలు కలిపాక అంత ఒత్తిడి పెడితే ఎన్ని బతుకుతాయో!

వెలుతురుకే గట్టిపడుతోందేమోనని అంతా ఫాయిల్‌తో కప్పాను, తేడా లేదు. మూసుకుపోయిన సూదిని 37 డిగ్రీల నీళ్లలో పెడితే మళ్లీ తెరుచుకుంటోంది. కాబట్టి ఇది చల్లబడి పేరుకోవడమే, నాకైతే అనుమానం లేదు. ఇంకును 0.22 మైక్రాన్లలో వడకట్టాను, బుడగలు తీశాను. కార్ట్‌రిడ్జ్‌ను 28కి పెంచితే దారాలు పరుచుకుని రంధ్రాలు పూడిపోయాయి. 22 గేజ్ ప్లాస్టిక్ శంఖు నాజిల్‌తో ఇంకో రెండు పొరలు వచ్చాయి, అంతే.

మా ప్రింటర్‌కి నాజిల్ హీటర్ లేదు. హీటర్ లేకుండానే జెల్‌మాను పది పొరల దాకా ప్రింట్ చేసినవాళ్లు కార్ట్‌రిడ్జ్, బెడ్, గది ఉష్ణోగ్రతలు ఎంతెంత పెట్టారు?