మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సైనిక మ్యూజియం పెడితే నిజాం, దొరల మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి చోటుండాలా?

మూసీగట్టు:
గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. విగ్రహంతో సరిపెట్టకుండా ఆయన పేరున సైనిక మ్యూజియం పెట్టాలి. పాత ట్యాంకు, తుపాకులు, యూనిఫాంలు చూస్తే పిల్లలకు ఆర్మీ మీద ఇష్టం పుడుతుంది. సాయుధ పోరాటాన్ని మాత్రం ఇందులో కలపొద్దు. పార్టీల పంచాయితీ అవుతుంది.

దేవరకొండ టీచర్:
తమ్ముడూ, సంతోష్‌బాబు గారికి పెద్ద గదే ఇవ్వాలి. అందులో రెండో మాట లేదు. కానీ 1946 నుంచి 1951 దాకా మన పల్లెల్లో జరిగింది యుద్ధం కాదా? ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే.

పిల్లలను మ్యూజియంలకు తీసుకుపోతుంటాను. అద్దం వెనక తుపాకీ కనబడితే సెల్ఫీ దిగి ముందుకు పోతారు. అదే వడిసెల చేతికివ్వండి. మడతలో రాయి పెట్టి, ఒక కొస వేలికి తగిలించి, తలపైన గిరగిరా తిప్పి రెండో కొస వదలాలి. చేల మీద పిట్టలను తోలే వస్తువు అది. దాన్ని పట్టుకుని రజాకార్లకు ఎదురు నిలిచారని చెప్తే అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు.

పాలమూరు పిల్ల:
సార్, ఇదంతా హైదరాబాద్‌లో పెడితే ఎక్కువ మంది చూస్తారు కదా?

దేవరకొండ టీచర్:
చూస్తారమ్మా. కానీ కడవెండి ఎక్కడని అడిగితే బస్సెక్కించి చూపించలేం.

మూసీగట్టు:
సార్, నా టెన్షన్ వేరు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఇక్కడిదాకా అందరికీ సంతోషమే. ఆ తర్వాత అదే సైన్యం పోరాటం ఆపని కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్ళను గాలించింది. ఆర్మీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి వచ్చి ఆ గోడమీద ఇది చదవాలా?

దేవరకొండ టీచర్:
న్యాయమైన ప్రశ్న. నా జవాబు, చదవాలి. ఆ తల్లి దుఃఖానికి అది అవమానం కాదు. ఆ గాలింపుల్లో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు కూడా ఈ జిల్లావాళ్ళే. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. కొద్ది నెలలకే వచ్చిన మొదటి ఎన్నికల్లో ఇదే నల్లగొండ ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపింది. తుపాకీ దించినవాళ్ళు ఓటు పెట్టె దగ్గరికి నడిచొచ్చిన ఈ ముచ్చట గోడమీద లేకపోతే, ఆ మ్యూజియానికి నేను పిల్లలను తీసుకురాను.

మూసీగట్టు:
ఆ ఎన్నిక సంగతి పెడితే నాకూ అభ్యంతరం లేదు సార్. గాలింపుల గదికి మాత్రం ఇంకా ఒప్పుకోలేను.