ఎర్రనేలలో జుకినీ, పాతిన కుండలతో నీరు: అనుభవం ఉన్నవారు చెప్పండి

అనంతపురం పెరడు:
అందరికీ నమస్కారం. ఇంటి వెనుక రెండు సెంట్ల ఎర్రనేలలో ఏటా వంగ, బెండ, గోరుచిక్కుడు, గోంగూర పండిస్తున్నాం. ఈసారి రెండు కొత్త పనులు చేయాలని ఉంది. ఒకటి జుకినీ (దోసకాయలా ఉండే గుమ్మడి జాతి కూరగాయ) వేయడం. రెండోది, మట్టికుండలను మెడ దాకా పాతి, వాటిలో పోసిన నీటి ఊటతోనే మొక్కలను పెంచడం. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన దాటడమే కష్టమైన ఊరు మాది. వేసవిలో బోరు సన్నగిల్లుతుంది. పాదుల్లో పెట్టిన నీళ్లు కళ్ల ముందే ఎండకు ఆవిరైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎలాంటి కుండ కొనాలి? మా బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆ ఉప్పుకు కుండ పూడిపోదా? జుకినీ ఎప్పుడు విత్తాలి? నూనె మిల్లు నుంచి వేరుశనగ పొట్టు తెచ్చి మొక్కల మధ్య పరచవచ్చా?

కడప కుమ్మరి ఇల్లు:
అమ్మా, మాది కుండలు చేసే ఇల్లు. మా పెరట్లో బీర, సొర, టమాటా ఈ ఊట మీదే కాస్తాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను, కుండ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. వేలితో కొట్టి, కంగుమంటే తీసుకోవడం అందరికీ అలవాటు. పగులు లేదని తెలుసుకోవడానికి అది మంచిదే కానీ ఊట సంగతి దానితో తేలదు. కుండలు కాల్చే ఆవంలో మరీ గట్టిగా కాలిన కుండ నీళ్లను బయటికి రానివ్వదు. రంగు పూసినది అసలే వద్దు. కొనే చోటే కుండ నింపి నీడన పెట్టించండి. కాసేపటికి గోడ మీద అక్కడక్కడా ముదురు మచ్చలు తేలతాయి. అవి మెల్లగా ఒకదానితో ఒకటి కలిసి, కుండ ఒళ్లంతా చెమరుస్తుంది. అరచేయి ఆనిస్తే తడి అంటాలి, చుక్క మాత్రం జారకూడదు. జారితే సన్నటి పగులు ఉన్నట్టే.

ఐదారు లీటర్ల కుండ చాలు. మెడ రెండు వేళ్ల ఎత్తు పైకి ఉంచి, మూకుడు మూత పెట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మొక్కలు కుండకు జానెడు దూరంలో ఉండాలి. మట్టి ఎండినప్పుడు అదే నీటిని లాక్కుంటుంది, తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. వాన పడిన వారం కుండలో నీళ్లు తగ్గలేదని కంగారు పడకండి. విత్తనం మొలిచి వేరు దిగే దాకా పైనుంచి కూడా నీళ్లు చల్లాలి. చాలామంది ఈ దశలోనే మొలకలు వాడిపోయాయని కుండను తప్పుపట్టి వదిలేస్తారు, నాకు బాధనిపిస్తుంది.

ఉప్పు గురించి మీ భయం నిజమే. వీలైనంత వరకు వాన నీళ్లు పట్టి పోయండి. పంట అయ్యాక కుండను తవ్వి తీసి, నిమ్మరసం కలిపిన నీళ్లలో నానబెట్టి, కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్ది ఎండబెట్టండి.

కర్నూలు రేగడి:
మా నల్లరేగడి ఉబ్బి, ఎండి, బీటలు వారుతూ కుండలను పగలగొడుతుంది. మీ ఎర్రనేలకు ఆ బాధ లేదు.

జుకినీని అక్టోబరు చివర, నవంబరు మొదట్లో విత్తండి. దాదాపు 50 రోజులకు కోతకు వస్తుంది, ఎండలు ముదిరేలోగా కాపు అయిపోవాలి. ఇది పాకదు, పొదలా విరుచుకుంటుంది కనుక మొక్కకూ మొక్కకూ మూడు అడుగులు వదలండి. మొదట్లో ఎక్కువగా మగపూలే వస్తాయి, పిందె పడలేదని దిగులుపడవద్దు. ఆడపూవు అడుగున వేలెడు పిందె ఉంటుంది, మగపూవుకు సన్నటి కాడే ఉంటుంది. తేనెటీగలు తక్కువైతే పొద్దున్నే మగపూవు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపూవు మధ్యలో అద్దండి. ఎండెక్కితే పూలు ముడుచుకుంటాయి.

ఆకుల మీద బూడిద తెగులు తప్పకుండా వస్తుంది. లీటరు ద్రావణంలో 100 మిల్లీలీటర్ల ఆవుపాలు ఉండేలా నీళ్లు కలిపి వారానికోసారి చల్లండి. బ్రెజిల్‌లో జుకినీ మీదే ఈ ప్రయోగం చేశారు, ఫలితాలు 1999లో వచ్చాయి. కాయ జానెడు ఉన్నప్పుడే కోయండి. ముదిరితే గింజ కట్టి రుచి పోతుంది. లేతకాయ పెసరపప్పులో ఎంత బాగుంటుందో!

తాడిపత్రి వేరుశనగ:
పొట్టు గురించి నేను చెబుతాను. తేమ నిలుపుతుంది, మన జిల్లాలో సులభంగా దొరుకుతుంది. కానీ వేరుశనగలో కాండం కుళ్లు తెచ్చే బూజు ఆ పొట్టుతో రావచ్చు. అది టమాటా, వంగలకూ సోకుతుంది. మొదలు దగ్గర తెల్లటి బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజలంత గోధుమరంగు ఉండలు కనిపిస్తే ఆ మొక్కను, చుట్టూ ఉన్న మట్టిని తీసేయండి. పచ్చి పొట్టు పరచకుండా, పేడతో కలిపి కుప్ప వేసి, బాగా వేడెక్కి చివికిన తర్వాత వాడండి. అప్పుడు కూడా మొదలుకు తగలనివ్వకండి.

అనంతపురం పెరడు:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. జుకినీ కుండల చుట్టూ, గోరుచిక్కుడు ఎప్పటిలాగే పాదుల్లో వేస్తాను. కడప అన్నా, జీవామృతాన్ని (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ఎరువు నీళ్లను) కూడా కుండలోనే పోయవచ్చా?

కడప కుమ్మరి ఇల్లు:
వద్దమ్మా. ఎంత వడకట్టినా సన్నటి నలక మిగిలి రంధ్రాలను పూడుస్తుంది. దాన్ని మొక్క మొదట్లో తడి మట్టి మీద పోయండి. కుండలోకి తేట నీళ్లే వెళ్లాలి.